వకాల్తా విడువని వకీలు

మన పట్టణములలో న్యాయవాది రాజకీయములలో ప్రవేశించుట క్రొత్త సంగతి కాదు. మునసబు కోర్టు వసారానుండి శాసనసభా మందిరమువరకు గల బాట చాల కాలము క్రిందటనే నలిగినది. గుంటూరునుండి కొండా వెంకటప్పయ్య పంతులుగారు, బెజవాడనుండి అయ్యదేవర కాళేశ్వరరావు పంతులుగారు, బరంపురమునుండి వరాహగిరి వేంకటగిరిగారు, సేలమునుండి చక్రవర్తి రాజగోపాలాచారిగారు ఆ బాటను నడచినవారే. స్వాతంత్ర్యోద్యమమున ముందు నిలిచినవారి పట్టిక వ్రాసి, అందుండి ప్లీడర్ల పేర్లు కొట్టివేసినచో ఆ పట్టిక సగమునకు పైగా బోసిపోవును.

అయినను ప్లీడరనిన లోకమునకు ఒక అనుమానము కలదు. నేడు వాది పక్షమునను, రేపు మరియొక వ్యాజ్యములో ప్రతివాది పక్షమునను సమానమైన ఉద్రేకముతో వాదింపగల నాలుక రాజ్యపాలనమునకు వచ్చినచో దేశమునకు మేలు చేయునా, తనకు చేసికొనునా యని కాపు మొదలు కరణమువరకు అందరును అడుగుచుందురు. ఈ ప్రశ్న అన్యాయమైనది కాదు. దీనికి సమాధానము సిద్ధాంతములలో దొరకదు. ఒక నిండు జీవితమును ఎదుట పెట్టుకొని పరిశీలింపవలెను. అందులకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి జీవితముకంటె తగినది మన ప్రాంతమున వేరొకటి కానరాదు.

పంతులుగారు 1872వ సంవత్సరము ఆగష్టు 23వ తేదీన ఒంగోలు సమీపమునందలి వినోదరాయునిపాలెమున జన్మించిరి. ఆనాటికి గుంటూరు జిల్లాయే లేదు. ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిది. పదునొకండేండ్ల ప్రాయముననే తండ్రి గోపాలకృష్ణయ్యగారు గతించిరి. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళయిల్లు పెట్టి బిడ్డలను సాకిరి. నియోగి కుటుంబపు స్త్రీ వెలకు అన్నము పెట్టుట ఆ కాలమున ఎంత చిన్నతనముగ నెంచబడెనో మన పెద్దలకు తెలియును. ఆ యిల్లాలు లోకపు మాటను లెక్కింపలేదు. కుమారుని చదువునే లెక్కించెను. పిమ్మట పంతులుగారు తమ జీవితమంతయు ఊరివారి మాటను ఖాతరుచేయక నడచుటకు మొదటి పాఠము ఆ వంటయింటనే చెప్పబడినదని మేము తలంతుము.

ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయులు ఆ బాలునియందలి చుఱుకుదనము కనిపెట్టి చేరదీసిరి. వారితోనే పంతులుగారు రాజమహేంద్రవరము చేరిరి. అక్కడ చదువెంతయో నాటకమును అంతయే. స్త్రీవేషములు కట్టి మెప్పు పొందిన ఆ కుఱ్ఱవాడు పిదప ప్లీడరు పరీక్ష నెగ్గి అదే పట్టణమున వృత్తిలో నిలదొక్కుకొనెను. వారిది రెండవ తరగతి ప్లీడరీ. పై కోర్టులలో నిలిచి వాదించు అర్హత దానికి లేదు.

గోదావరి మండలమున ప్లీడరుకు పని కొఱవడు కాలము కాదది. ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి పూర్తియైనది మొదలు డెల్టా భూముల విలువ ఏటేట పెరుగుచు వచ్చెను. భూమి విలువ పెరిగినచోట గట్టు తగాదా పెరుగును. దత్తత చెల్లునా చెల్లదా, లంకభూమి ఎవరిది, జమీందారు హెచ్చించిన శిస్తు న్యాయమా కాదా యనునవి నాటి కోర్టులకు నిత్యాహారములు. దస్తావేజులోని ఒక్క మాటపై ఒక కుటుంబపు అన్నము ఆధారపడియుండుట పంతులుగారు అక్కడనే చూచిరి. హక్కు ఎక్కడ పుట్టినది, ఎవరు ఎవరికి ఇచ్చిరి, ఇచ్చువానికి ఇచ్చుటకు అధికారము కలదా యని మూలమునుండి త్రవ్వి అడుగు అలవాటు వారికి ఈ చిన్న కోర్టులలోనే పట్టుబడినది. ముప్పదియేండ్ల తరువాత ఈ అలవాటే దక్షిణదేశపు జమీందారీల పునాదులను కదల్చెను.

సంపాదనతోపాటు పలుకుబడియు పెరిగెను. కక్షలతో నిండిన రాజమహేంద్రవరపు పురపాలక సంఘమునకు పంతులుగారు అధ్యక్షులైరి. కాని రెండవ తరగతి ప్లీడరీ వారి ఉత్సాహమునకు ఇరుకైనది. 1904లో ఇంగ్లండునకు పయనమై బారిష్టరు పట్టము పుచ్చుకొని 1907లో మరలి వచ్చిరి. మాంసమును మద్యమును ముట్టనని తల్లికి చేసిన బాసను అక్కడను చెల్లించుకొనిరి. పిమ్మట చెన్నపట్టణపు హైకోర్టులో బారిష్టరీ ప్రారంభించి కొలది సంవత్సరములలోనే అగ్రశ్రేణి న్యాయవాదులలో నొకరైరి. తెల్లదొరలును మైలాపూరు వకీళ్ళును ఏలుచున్న ఆ కోర్టులో, పూటకూళ్ళయింటినుండి వచ్చిన తెలుగువాడొకడు తన గొంతు వినిపించుట నాటి ఆంధ్రులకు గర్వకారణమాయెను. 1907లో బిపినచంద్రపాలుగారు చెన్నపట్టణమునకు వచ్చి ఉపన్యసించినప్పుడు, అధ్యక్షపీఠమెక్కుటకు పెద్దలు జంకుచుండగా ఆ పీఠము నెక్కినవారు ఈ క్రొత్త బారిష్టరే. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్ దొర హత్యను పురస్కరించుకొని నడచిన కుట్ర కేసులో ముద్దాయిల పక్షమున నిలిచినవారిలోను వారుండిరి.

ఇంతవరకు ఈ కథ ఒక సమర్థుడైన న్యాయవాది అభివృద్ధి కథ. ఇట్టివి మన దేశమున ఎన్నియో కలవు. 1921లో అది మలుపు తిరిగినది. సహాయనిరాకరణోద్యమము వచ్చెను. న్యాయస్థానములను విడువుడని గాంధీమహాత్ముని పిలుపు. వృత్తి కొంత తగ్గించుకొని, సభలకు కొంత చందా ఇచ్చి, రెండు పడవలలోను కాలు మోపినవారు చాలమంది కలరు. పంతులుగారు అట్లు చేయలేదు. వేలకొలది రూపాయల రాబడి తెచ్చు వృత్తిని ఒక్క పట్టున వదలి, అదే యేడు అక్టోబరులో ‘స్వరాజ్య’ పత్రికను స్థాపించిరి. ఇంగ్లీషు, తెలుగు, తమిళ భాషలు మూటియందును అది వెలువడెను. కూడబెట్టిన సొత్తంతయు ఆ పత్రికకు ఆహుతియైనది. చందాదారులు కలరు, కీర్తి కలదు, ప్రభుత్వపు జామీను కోర్కెలును కలవు. లాభము మాత్రము లేదు. పదునాలుగేండ్ల కష్టమునకు పిమ్మట పత్రిక నిలిచిపోయెను. దానితో పంతులుగారి సిరియు తరలిపోయెను.

1928 ఫిబ్రవరి 3వ తేదీ సంగతి తెలుగు బిడ్డలందరికిని తెలిసినదే. సైమను కమిషను మన దేశమున అడుగిడిన దినమున చెన్నపట్టణమున హర్తాళము జరిగెను. హైకోర్టు సమీపమున పోలీసులు కాల్పులు జరిపిరి; ఒక యువకుడు నేలకొరగెను. ఆ శవమును చూడబోయిన పంతులుగారిని తుపాకి అడ్డగింపగా వారు రొమ్ము చూపి నిలిచిరి. ‘ఆంధ్రకేసరి’ యను బిరుదమునకు ఆ ఘట్టమే ప్రతీకయై నిలిచినది. ఒకప్పుడు తాము నల్లకోటు తొడిగి వాదించిన కోర్టు ప్రక్కనే, వకాల్తా కాగితము లేక, ఫీజు లేక, చచ్చిన బిడ్డ పక్షమున ఆయన నిలిచిరి. ఆ దినమున వారు వృత్తిలో లేరనుట పొరపాటు. కక్షిదారు మాత్రమే మారెను.

అయినను ఆ రొమ్ము చూపిన ఘట్టమునే చెప్పుకొని మురియుటవలన మనము పంతులుగారి అసలు కృషిని మరచుచున్నాము. అది 1937లో ప్రారంభమైనది. రాజగోపాలాచారిగారి మంత్రివర్గమున పంతులుగారు రెవిన్యూ మంత్రియైరి. జమీందారీ ప్రాంతములలో రయితుల స్థితిగతులు విచారించుటకు శాసనసభల సభ్యులతో ఏర్పడిన సంఘమునకు వారే అధ్యక్షులు. ఆ సంఘము ఊరూర తిరిగెను. రయితుల మొరలు, జమీందారుల వాదములు, పాత లెక్కలు, పాత తీర్పులు కుప్పలుగ ప్రోగుచేసెను. 1938లో నివేదిక వెలువడెను.

వారి వాదము రాజమహేంద్రవరపు ప్లీడరు వాదమే. 1802లో కుంపినీ ప్రభుత్వము 25వ రెగ్యులేషను క్రింద జమీందారులకు శాశ్వత సనదులిచ్చెను. జమీందారు సర్కారుకు చెల్లింపవలసిన పేష్కషును ఎన్నటికిని మారనిదిగ స్థిరపరచెను. బాగు. కాని కుంపినీ జమీందారునకు ఇచ్చినదేమి? నేలనా, నేలపై శిస్తు వసూలుచేయు హక్కునా? తనకు లేనిదానిని ఎవడును మరియొకనికి ఈయజాలడు. రయితు హక్కు కుంపినీ సనదుకంటె పాతది. అడవి నరికి, గట్టు కట్టి, దున్నినవాడు రయితు. జమీందారు శిస్తు వసూలుచేయువాడు మాత్రమే. కావున నేల రయితుది. సర్కారునకు చెల్లు పేష్కషు పెరుగకుండగా రయితుపై శిస్తు మాత్రము నూరేండ్లుగా పెరుగుచు వచ్చుటకు న్యాయము లేదు. 1802 నాటి మట్టమునకు దానిని తగ్గింపవలెను. నివేదిక తేల్చినది స్థూలముగా ఇది.

ఆనాడు ఈ మాటలు పిడుగువలె పడినవి. జమీందారుల పక్షమువారు తీవ్రముగ ప్రతిఘటించిరి. వారి వాదములోను కొంత బరువు లేకపోలేదు. కోర్టు వేలములో రొక్కము పోసి ఎస్టేటులు కొన్నవారు కలరు; ఆ కోర్టులే ఆ క్రయమును ఖాయపరచినవి. నూరేండ్లు చట్టమని నమ్మి నడచుకొన్నదానిని ఒక్క నివేదికతో కొట్టివేయుట సబబా యని వారడిగిరి. శాసనసభ 1939లో నివేదిక సారమును ఆమోదించినను, అది చట్టరూపము దాల్చకమునుపే యుద్ధము వచ్చెను. ఆ యేడు అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గము రాజీనామా యిచ్చెను. తుదకు 1947లో శిస్తుల తగ్గింపు చట్టమును, 1948లో ఎస్టేటుల రద్దు చట్టమును వచ్చునప్పటికి పంతులుగారు అధికారమున లేరు. ఆ చట్టము జమీందారులకు నష్టపరిహారము నిచ్చినది. నేల తనది కానివానికి నేల పోయినదని పరిహారమేమి యని నివేదిక చదివినవాడు అడుగవచ్చును. ఏమైనను, వెంకటగిరి మొదలు విజయనగరమువరకు లక్షలాది కుటుంబముల చేతికి పట్టాలు వచ్చుటకు త్రోవ వేసిన వాదము పంతులుగారిది.

ఇక పదవుల సంగతి. 1946 ఏప్రిలు 30వ తేదీన పంతులుగారు మద్రాసు రాజధానికి ప్రధానులైరి. ముఖ్యమంత్రిని ప్రధానియని పిలుచు కాలమది. ఢిల్లీ పెద్దల మనస్సు రాజగోపాలాచారిగారియందుండగా శాసనసభ్యుల బలముతో వారు నెగ్గిరి. 1947 మార్చి 23వ తేదీన దిగిపోయిరి. పదునొకండు నెలలైనను నిండలేదు. పడగొట్టినది ఎదుటి పక్షము కాదు, సొంత పక్షమే. తిరిగి 1953 అక్టోబరు 1వ తేదీన, పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణ ఫలముగ కర్నూలు రాజధానిగ ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు, ఎనుబదిరెండవ యేట తొలి ముఖ్యమంత్రియైరి. వారి హయాములోనే 1954 జూలైలో గుంటూరున హైకోర్టు వెలసినది. అదే యేడు తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము స్థాపితమైనది. నవంబరు 6వ తేదీన, మద్యపాన నిషేధ విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానమున ఒక్క ఓటుతో ప్రభుత్వము కూలెను. రెండు మారులును కలిపినచో వారు ఏలినది రెండేండ్లు మాత్రమే.

ఏల యిట్లయ్యెను? కోర్టులో న్యాయవాదికి కావలసినవాడు ఒక్క న్యాయాధిపతి. అతనిని యుక్తిచేత ఒప్పించినచో చాలును. శాసనసభలో నూరుమంది న్యాయాధిపతులు. వారు యుక్తిని విందురు, ఎదురు లాభమును చూతురు, రాత్రి మాట పగలు మార్తురు. వారిని ఒక్కొక్కరిని కనిపెట్టి, బుజ్జగించి, కూడగట్టు విద్య వేరు. రాజగోపాలాచారిగారికి అది కొంత కలదు. పంతులుగారికి బొత్తిగ లేదు. తమ కేసు న్యాయమైనదని నమ్మినంతనే గెలిచితిమని వారనుకొనిరి. ఆంధ్రరాష్ట్రము కొరకు, ఖద్దరు కొరకు, గ్రామముల అభివృద్ధి కొరకు పట్టుపట్టినచోట పట్టు విడువలేదు. నూలు మిల్లుల విస్తరణమును చేనేత పక్షమున అడ్డగించి ధనవంతుల ఆగ్రహమును కొని తెచ్చుకొనిరి.

వారి తప్పులను దాచుట మా అభిమతము కాదు. పౌరస్వేచ్ఛ కొరకు తుపాకికి రొమ్ము చూపినవారే 1947 జనవరిలో ప్రజాశాంతి పేరిట ఆర్డినెన్సు తెచ్చి, విచారణ లేక కమ్యూనిస్టులను నిర్బంధించు అధికారమును పోలీసుల చేతికిచ్చిరి. అది వారి జీవితములో మాయని మచ్చ. ప్రజలు సమర్పించిన పర్సులను సొంతమునకు స్వీకరించుటను గాంధీమహాత్ముడు ఆక్షేపించెను. సర్వస్వము ప్రజలకిచ్చినవాడు ప్రజలనుండి పుచ్చుకొన్న తప్పేమని పంతులుగారి భావము. ఆ భావములో ఉదారత కలదుగాని, ప్రజాధనమునకు లెక్క కావలెనను ధర్మమును అది త్రోసివేయజాలదు. పక్షములు మార్చిరనియు వారిపై నింద కలదు. కాంగ్రెసును విడిచి ప్రజాపార్టీ పెట్టిరి. తిరిగి కాంగ్రెసు బలముతోనే ఆంధ్రరాష్ట్రమును ఏలిరి. ఇది నిజమే. పక్షములు వారికి కోర్టు హాళ్ళవంటివి. ఏ హాలులో కేసు నడచునో ఆ హాలునకు పోయిరి.

1957 మే 20వ తేదీన హైదరాబాదున పంతులుగారు కన్నుమూసిరి. ఎనుబదియైదవ యేట, మండువేసవిలో పల్లెలు తిరిగి వడదెబ్బ తినుటయే ఆ చివరి జబ్బునకు మొదలు. ఒకనాడు వేలు గడించిన బారిష్టరు వెనుక వేసినదేమియు లేదు. బెజవాడవద్ద కృష్ణపై ఆనకట్టకు వారి పేరు పెట్టబడినది. 1970లో ఒంగోలు కేంద్రముగ ఏర్పడిన జిల్లాకు 1972లో వారి పేరు చెల్లినది. పూటకూళ్ళయింటి బాలుని పేర ఒక జిల్లా వెలసినది.

కాని పేరు పెట్టుటతో ఋణము తీరదు. పంతులుగారు నడపిన ఆ పెద్ద వ్యాజ్యము నేటికిని ముగియలేదని మేము చెప్పదలచితిమి. 1938 నాటి నివేదిక నేల దున్నువానిదనినది. చట్టము దానిని పట్టాదారుదని గ్రహించినది. ఆ పట్టాదారుని క్రింద కౌలుకు దున్నువాని సంగతి ఎవరికిని పట్టలేదు. ఆంధ్రప్రాంతమునకు 1956లో కౌలు చట్టము వచ్చెను. 2011లో కౌలుదారులకు గుర్తింపు కార్డుల చట్టము, 2019లో పంటసాగుదారు హక్కుల చట్టము వచ్చినవి. కాగితముపై చట్టములకు కొదువ లేదు. అయినను ఊరిలో కాగితము వ్రాయక, నోటిమాటపై కౌలు నడచు ఆచారము పోలేదు. కాగితము లేనివానికి బ్యాంకు అప్పు లేదు. తుఫానులో పైరు పోయినచో పరిహారము భూస్వామి పేర వచ్చును. వ్రాసియిచ్చినచో భూమి పోవునేమో యని భూస్వామి భయము. ఆ భయమును మేము పరిహసింపము. ఆనాడు జమీందారులకును ఇట్టి భయమే కలిగినది. జమీందారు ముందు రయితు నిలిచి అడిగిన ప్రశ్ననే, నేడు రయితు ముందు కౌలుదారు నిలిచి అడుగుచున్నాడు. తండ్రితాతల కాలమున ఆ ప్రశ్నచే మేలుపొందినవారము, అది మన గడపకు వచ్చినప్పుడు తలుపు వేసికొనుట న్యాయమా?

పాఠక మహాశయులారా, మన పట్టణములలో నేడును ప్లీడర్లు శాసనసభకు నిలుచుచున్నారు. ఇక ముందును నిలుతురు. వారు చక్కగా మాటాడుదురని వోటు వేయవలదు. మాటాడుదురని అనుమానింపనును వలదు. ఒక్క ప్రశ్న వేయుడు: అయ్యా, తమరు ఎవరి వకాల్తా పుచ్చుకొని వచ్చితిరి? ఫీజు ఈయలేని కక్షిదారు పేరు ఒక్కటియైన ఆ ప్లీడరు చెప్పగలిగినచో, అతడు పంతులుగారి బాటన వచ్చినవాడని నమ్మవచ్చును. పదవి రెండేండ్లు నిలిచిననేమి, రెండు నెలలు నిలిచిననేమి, అట్టి వకాల్తా మాత్రము కాలదోషము పట్టక నిలుచును.